సభ మన గూడెంలోనే జరగాలి

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా ఏర్పాటైన యువజన సదస్సులో ఒక మాజీ మహిళా సర్పంచ్ చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసలు వదిలేసి వెనక గోడ పక్కన నిలబడ్డ తమ్ముళ్లూ! ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఇవాళ నా మాటలన్నీ మీకోసమే.

నేను చదువుకున్నది పదో తరగతి. 2019 జనవరి ఎన్నికల్లో సర్పంచ్‌గా గెలిచాను. 2024 ఫిబ్రవరిలో ప్రత్యేకాధికారుల పాలన వచ్చేదాకా ఐదేళ్లు పనిచేశాను. మన ఏజెన్సీలో సర్పంచ్ పదవి ఆదివాసీలకే రిజర్వు. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1996 డిసెంబరులో పార్లమెంటు చేసిన పెసా చట్టంలోనే ఉంది. ఆ సంగతి సర్పంచ్ అయిన కొత్తలో నాకూ తెలియదు. కుర్చీ వచ్చింది, కూర్చున్నాను.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘స్థానిక ప్రజాప్రతినిధులు, సమాజానికి సమాచారం’. పెద్ద మాట. నాకు తెలిసిన ఒక రోడ్డు కథ చెబుతాను, అందులో అదంతా ఉంది.

మా పంచాయతీలో నాలుగు గూడేలు. పంచాయతీ ఆఫీసు పెద్ద గూడెంలో. నేను పుట్టి పెరిగిన గూడెం మాత్రం వాగు అవతల, అడవి లోపల. అక్కడికి ఎడ్లబండి బాట ఒక్కటే. ఎండాకాలం బైకు పోతుంది. వానాకాలం మనిషి పోవడమే కష్టం. గెలిచిన నెలలోనే ఆ రోడ్డు కోసం కాగితాలు మొదలుపెట్టాను. తీర్మానం కావాలన్నారు. ఒక ఆఫీసులో ఎవరో తయారుచేసి ఇచ్చిన తీర్మానాన్ని రిజిస్టర్‌లో ఎక్కించారు. గ్రామసభ జరిగిందని రాశారు. సభ జరగలేదు. రిజిస్టర్‌ను ఇల్లిల్లూ తిప్పి సంతకాలు, వేలిముద్రలు పెట్టించారు. కింద నేను సంతకం చేసి ముద్ర వేశాను. ‘అందరూ ఇట్లనే చేస్తరమ్మా’ అన్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను.

ఆరు నెలల తర్వాత ఫైలు తిరిగొచ్చింది. రెండు కారణాలు రాశారు. ఒకటి, ఇది పంచాయతీ మొత్తం పేరుతో ఉంది గానీ ఆ గూడెం సభ చేసిన తీర్మానం కాదు. రెండు, ఉండాల్సినంత మంది లేరు. మూడో తప్పు వాళ్లు పట్టుకోలేదు, నేను పట్టుకున్నాను. ఆ సంతకాల్లో మా చిన్నాయన పేరు ఉంది. ఆయన అంతకు ముందు ఏడాదే పోయాడు.

ఆ వానాకాలంలోనే మా గూడెం నుంచి పురిటి నొప్పులతో ఉన్న ఆడబిడ్డను బండి మీద తెస్తుంటే వాగు దగ్గర ఆగిపోయారు. అంబులెన్సు అవతలి ఒడ్డున ఉంది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ఫైలు సరిగా పోయి ఉంటే ఆ వానాకాలానికి రోడ్డు పడేదని నేను అనను. పడేది కాదేమో. కానీ పోయిన ఆ ఏడాదిలో నా సంతకానికీ వంతు ఉంది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇష్టం లేదు. మీలో రేపు ఎవరైనా ఆ కుర్చీలో కూర్చుంటారు కాబట్టి చెబుతున్నాను.

అప్పుడు నేను చట్టం అడిగి తెలుసుకున్నాను. మీరు రాసుకోవాల్సింది ఇక్కడే ఉంది.

పెసా ప్రకారం మన ఏజెన్సీలో గ్రామం అంటే పంచాయతీ కాదు. తన ఆచారాల ప్రకారం తన పనులు తాను చూసుకునే గూడెం, లేదా కొన్ని గూడేల గుంపు. అంటే మా వాగు అవతలి గూడేనికి తన సొంత గ్రామసభ ఉంటుంది. ఊరి పనుల ప్రణాళికలు ఆమోదించడం, పథకాల లబ్ధిదారులను గుర్తించడం, ఖర్చుపెట్టిన డబ్బుకు వినియోగ ధ్రువీకరణ ఇవ్వడం ఆ సభ పని. భూసేకరణకు ముందు మనల్ని సంప్రదించాలి. ఇసుక, కంకర లాంటి చిన్న ఖనిజాలకు అనుమతి ఇచ్చే ముందు మన సిఫారసు తీసుకోవాలి.

ఇక 2006 అటవీ హక్కుల చట్టం. మనవాళ్లకు ఆ పేరు చెప్పగానే పోడు పట్టాలే గుర్తొస్తాయి. 2005 డిసెంబరు 13 అనే తేదీ మా గూడెంలో చదువురాని ముసలమ్మ కూడా చెబుతుంది. కానీ అదే చట్టంలో మూడో సెక్షన్, రెండో ఉపసెక్షన్ ఒకటుంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రేషన్ దుకాణం, కరెంటు తీగలు, తాగునీటి పైపులు, చెరువులు, రోడ్లు, ఇట్లాంటి 13 రకాల వసతుల కోసం అటవీ భూమి ఇవ్వవచ్చు. ఒక్కో పనికి భూమి హెక్టారు కన్నా తక్కువ ఉండాలి. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. అన్నింటికన్నా ముందు గ్రామసభ సిఫారసు చేయాలి. సభలో సగం మంది సభ్యులు ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి.

మా గూడెంలో ఓటర్లు 142 మంది. సగం అంటే 71. అందులో కనీసం 24 మంది ఆడవాళ్లు. వినడానికి తేలికే. పత్తి ఏరే రోజుల్లో 71 మందిని పగలు ఒక చోట కూర్చోబెట్టి చూడండి! రెండుసార్లు సభ పెట్టాను. మొదటిసారి 30 మంది, రెండోసారి 46. రెండుసార్లూ రిజిస్టర్‌లో అంతే రాయించాను. ‘ఇంకో పాతిక సంతకాలు నేను చూసుకుంటా’ అన్నవాళ్లు ఉన్నారు. వద్దన్నాను.

మూడోసారి పట్ల దగ్గరికి వెళ్లాను. నిజానికి మొదటే వెళ్లాల్సింది. సర్పంచ్‌నయ్యాను కదా, వాట్సాప్ గ్రూపులో పెడితే చాలనుకున్నాను. మా గూడెంలో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి. ఫోన్ ఉన్నవాళ్లంతా కుర్రాళ్లు, వాళ్లు చదివి ఇంట్లో చెప్పరు. పట్ల ఒక్క మాట అన్నాడు: “పొద్దుగూకినంక పెట్టు, తిన్నంక వస్తరు.” ఆయన మనిషి ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. తుడుం మోగించారు. రాత్రి ఎనిమిదింటికి సభ పెడితే 93 మంది వచ్చారు, సగానికి పైగా ఆడవాళ్లే. పక్కనున్న కొలాం ఇళ్లవాళ్లూ వచ్చారు.

ఇక మీలాంటి పిల్లలు చేసిన పని చెప్పాలి. డిగ్రీ చదివే ఒక పిల్లవాడు తీర్మానం కాగితం ముందే అడిగి తీసుకుని చదివాడు. అందులో రోడ్డు వెడల్పు ఆరు మీటర్లు అని ఉంది. అడవిలో పడే ముక్క రెండు కిలోమీటర్లు. వాడు సభలో లేచి లెక్క చెప్పాడు. ఆరు మీటర్లయితే 12,000 చదరపు మీటర్లు, హెక్టారుకు 10,000 మాత్రమే. అంటే ఈ సెక్షన్ కింద రాదు, ఫైలు ఇంకా పై ఆఫీసులకు పోతుంది, ఎప్పుడొస్తుందో తెలియదు. నాలుగు మీటర్లయితే 8,000, అప్పుడు సరిపోతుంది. నేను ఆ కాగితాన్ని మూడుసార్లు చూశాను, నా కంట పడలేదు. మర్నాడు ఇంటర్ పిల్లలు బాట వెంట తిరిగి అడ్డొచ్చే చెట్లు లెక్కపెట్టారు. 41 వచ్చాయి. అందులో ఒక ఇప్ప చెట్టు ఉంది. అది పోకూడదని ఆడవాళ్లు పట్టుబడితే బాట కొంచెం పక్కకు జరిపారు, 40 అయ్యాయి.

తీర్మానం తెలుగులో రాశారు. చదివి వినిపించింది మాత్రం గోండిలో. చదివింది నర్సింగ్ చేస్తున్న మా మేనకోడలు. కొలాం పెద్దాయన ఒకరు మళ్లీ వాళ్ల భాషలో చెప్పాడు. గంటన్నర పట్టింది. ఆ రాత్రి వేలిముద్ర వేసిన ప్రతి మనిషికీ తను దేనికి వేలిముద్ర వేస్తున్నాడో తెలుసు. ఈసారి ఫైలు వెనక్కి రాలేదు.

మనవాళ్లకు సభలు కొత్తవి కావు. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మెస్రం వంశం వాళ్లు నాగోబా పూజ చేస్తారు, జాతరలో దర్బార్ జరుగుతుంది. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాక నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. అధికారులే మన దగ్గరికి వచ్చి గోడు వినే ఆ దర్బార్ ఆ రోజుల్లో మొదలైంది. నేనూ అక్కడ అర్జీలు ఇచ్చాను. అర్జీ ఇవ్వడం మంచిదే. కానీ అర్జీకి జవాబు రావడం, రాకపోవడం ఎదుటివాళ్ల మనసును బట్టి ఉంటుంది. గ్రామసభ తీర్మానం అట్లా కాదు. దానికి చట్టంలో చోటు ఉంది, కాదంటే కారణం రాయాలని అడగవచ్చు. దర్బార్‌కు పోయే రోజు కొత్త బట్టలు కట్టుకుని పోతాం. గ్రామసభ అంటే ‘పనుంది’ అంటాం.

తీర్మానం ఎంత దూరం పోతుందో తెలియాలంటే నియమగిరి చూడండి. ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల కొండ అది. మన పార్వతీపురం వైపు నుంచి పోతే దూరం కాదు. అక్కడి బాక్సైట్ కోసం పెద్ద కంపెనీ వచ్చింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండ మీద ఆదివాసీల దైవ హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. జులై, ఆగస్టుల్లో 12 ఊళ్లలో సభలు పెట్టారు. జిల్లా జడ్జి వచ్చి కూర్చున్నారు. డోంగ్రియా కొంధులు, ఇతర పల్లెవాసులు తమ భాషలో తమ మాట చెప్పారు. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. అందులో కొన్ని మన గూడేల కన్నా చిన్నవి. ఆ సభలు కూడా మా మొదటి సభలాగే ఇల్లిల్లూ రిజిస్టర్ తిప్పి రాసినవై ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

మీలో చాలామంది ఫోన్‌లో ఊరి వార్తలు నడుపుతున్నారు. సంతోషం. కానీ అందులో ఏముంటున్నది? ఫలానా నాయకుడి పుట్టినరోజు, ఫలానా చోట శంకుస్థాపన, దండలు. గ్రామసభ ఏ తారీఖున, ఎజెండా ఏమిటి, పోయిన సభలో ఏం రాశారు, ఇవి ఎవరూ పెట్టరు. మన రాష్ట్ర పంచాయతీ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. మీ ఊళ్లో పోయిన ఏడాది ఎన్ని జరిగాయో చెప్పగలిగినవాళ్లు చేతులెత్తండి. (సభలో ఇద్దరు చేతులెత్తారు.) ఇద్దరు. సరే, ఇద్దరైనా ఉన్నారు.

ఇంకొకటి. ఈ-గ్రామ్‌స్వరాజ్ అని కేంద్రం వాళ్ల వెబ్‌సైట్ ఉంది. మీ పంచాయతీ పేరు కొడితే ప్రణాళికలో ఏ పనులు పెట్టారో, ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో కనిపిస్తుంది. 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలనే నిబంధన ఉండేది. బోరు చెడిపోయిందని సర్పంచ్‌ను తిట్టే ముందు అది చూడండి. చూసిన తర్వాత కూడా తిట్టాల్సి వస్తే తిట్టండి, సభలో లేచి తిట్టండి. నన్ను అట్లా తిట్టినవాళ్లున్నారు. వీధిలైట్ల లెక్క మీద ఒక ఆడబిడ్డ నన్ను గంటసేపు నిలబెట్టి అడిగింది. రాత్రి ఇంటికెళ్లి ఏడ్చాను కూడా. కానీ తర్వాతి సభకు బిల్లులన్నీ వరుసగా పెట్టుకుని పోయాను. ఇప్పుడామె వార్డు సభ్యురాలు.

కరోనా టీకాల సమయంలో పుకార్లకు భయపడి మా గూడెం జనం చేలల్లోకి పోయారు. ఫోన్‌లో ఎన్ని సందేశాలు పెట్టినా ఎవరూ రాలేదు. పట్ల, దేవారి, నేను, ముగ్గురం చెట్టు కింద అందరూ చూస్తుండగా వేయించుకున్నాం. మూడు రోజులు ఆగి, మాకేమీ కాలేదని చూసి, ఒక్కొక్కరే వచ్చారు. చెప్పే మనిషి ముఖం కనిపించాలి మనవాళ్లకు. ఫోన్ వద్దనడం లేదు. ఫోన్‌లో చూసింది ఇంటికొచ్చి అమ్మకు, నాయనకు మన భాషలో చెప్పండి.

రోడ్డు ఏమైందని అడుగుతారు. భూమికి అనుమతి వచ్చింది, మొరం పోశారు. నా పదవీకాలం అయిపోయే నాటికి ఆటో గూడెం దాకా పోతున్నది. వాగు మీద కల్వర్టు మాత్రం కాలేదు. అది వేరే ఫైలు, వేరే డబ్బు. నేనిప్పుడు సర్పంచ్‌ను కాను, ఆ గూడెం సభలో మామూలు సభ్యురాలిని. వచ్చే శనివారం రాత్రి ఎనిమిదింటికి కల్వర్టు మీద సభ ఉంది. 71 మంది కావాలి. మా గూడెం పిల్లలు ఈ హాల్లో ఏడుగురు కనిపిస్తున్నారు. హాస్టళ్లకు పోయే బస్సు ఆదివారం పొద్దున ఉంది కదా, శనివారం రాత్రి ఉండి పొండి.