అమ్మాయిలకు ఫస్ట్ స్నోబోర్డ్: ఎత్తు కాదు, బూటు సైజూ బరువూ చూడండి

సియాటిల్‌లో చలికాలం మొదలైందంటే నాకొచ్చే మెసేజ్ ఒకటే. "అక్కా, ఫస్ట్ స్నోబోర్డ్ కొంటున్నా, అందరూ ఆల్-మౌంటెన్ తీసుకోమంటున్నారు, ఏది కొనను?" అని. మోడల్ పేర్లు తర్వాత. ముందు నేను చేసిన తప్పు చెప్తా.

మూడేళ్ల కిందట మా టీమ్‌లో ఒకతను తన పాత బోర్డు చవగ్గా ఇచ్చేస్తానన్నాడు. మగవాళ్ల బోర్డు, 155 సెంటీమీటర్లు. నిలబెట్టి చూస్తే నా ముక్కు దాకా వచ్చింది. గడ్డానికీ ముక్కుకీ మధ్య ఉంటే చాలు అన్నారంతా. నా బరువు 52 కిలోలు, బూటు 23.5. ఆ సీజనంతా స్నోక్వాల్మీలో ఒక్క టర్న్ సరిగ్గా తిప్పలేదు. నా తర్వాత మొదలుపెట్టినవాళ్లు జామ్మని దిగిపోతుంటే, నాకే భయం ఎక్కువ కాబోలు అనుకున్నా. ఫిబ్రవరిలో ఎడ్జ్ మంచులో పట్టేసి వెనక్కి పడ్డా. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు, ఒంటి చేత్తో కోడింగ్. అమ్మకి వీడియో కాల్‌లో మెడ వరకే చూపించా.

మరుసటి చలికాలం అమ్మాయిల బోర్డు ఒకటి అద్దెకి తీసుకున్నా, 144. అదే కొండ, అదే నేను. రెండో రౌండ్‌కే టర్న్ వచ్చేసింది! సంతోషం కంటే కోపమే ఎక్కువొచ్చింది, నిజం చెప్పాలంటే.

తేడా ఎక్కడుందంటే వెయిస్ట్ విడ్త్‌లో, అంటే బోర్డు మధ్యలో సన్నగా ఉండే చోటి వెడల్పులో. పాత బోర్డుకి 252 మిల్లీమీటర్లు, కొత్తదానికి 238. టర్న్ తిరగాలంటే కాలివేళ్లతో గానీ మడమతో గానీ ఒత్తి, ఆ వైపు ఎడ్జ్‌ని మంచులోకి దించాలి. పాదం అంచు దాకా చేరకపోతే ఎంత ఒత్తినా బోర్డు ఆలస్యంగా కదుల్తుంది. వెడల్పాటి పీట మధ్యలో నిలబడి దాన్ని పక్కకి వంచడానికి చూడండి, అర్థమవుతుంది. అలాగని బూటు మరీ బయటికొస్తే మంచుకి తగిలి పడేస్తుంది. రెండు వైపులా ఒకటి, రెండు సెంటీమీటర్లు బయటికుంటే బాగుంటుంది. అందుకే ముందు బూట్లు కొనండి, తర్వాతే బోర్డు.

పొడవుకి ఎత్తు కాదు, బరువు చూడాలి. బోర్డుని వంచేది మీ బరువే కదా. ప్రతి మోడల్‌కీ కంపెనీ వెయిట్ చార్ట్ ఇస్తుంది. షాపులో అడిగితే నాలుగు కిలోలు తగ్గించి చెప్పకండి ప్లీజ్, ఇది పెళ్లిచూపులు కాదు.

"విమెన్స్" అంటే గులాబీ రంగు బొమ్మ కాదు. నడుము సన్నగా, తక్కువ బరువుకి వంగేలా చేసిన బోర్డు. మీ పాదం పెద్దదైతే మగవాళ్ల బోర్డు నిశ్చింతగా తీసుకోండి, అంకెలు సరిపోతే చాలు.

ఇక ప్రొఫైల్. బోర్డుని నేల మీద పెట్టి పక్కనుంచి చూడండి. మధ్యలో విల్లులా పైకి లేస్తే క్యాంబర్. గట్టి మంచు మీద పట్టు బాగుంటుంది, కానీ తప్పు చేస్తే క్షమించదు. చివర్లు పడవలా పైకి లేస్తే రాకర్. తేలిగ్గా తిరుగుతుంది, పొడిమంచులో తేలుతుంది, ఐస్ మీద జారుతుంది. చదును చేసిన దారులూ చెట్ల మధ్య మెత్తటి మంచూ రెండూ తిరగాలనుకునేవాళ్లకి రెండూ కలిపిన హైబ్రిడ్ నయం. ఫ్లెక్స్ 10కి 4, 5 దగ్గర చూడండి. ఆ అంకె కంపెనీకో రకంగా ఉంటుంది, గుడ్డిగా పోల్చకండి.

పేరు చూసి మోసపోవద్దు. బర్టన్ ఫీల్‌గుడ్‌నే తీసుకోండి, క్యాంబర్‌లోనూ వచ్చింది, ఫ్లయింగ్ వి అని రాకర్ కలిపినదీ వచ్చింది. పేరు ఒకటే, నడక వేరు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు ఏది అమ్ముతున్నారో కచ్చితంగా అడగండి.

ఏడాదికోసారి గుల్మార్గ్ వెళ్లేవాళ్లు అసలు కొనక్కర్లేదు, అద్దె చాలు. అక్కడ కూడా ముందు బూటు వేసుకుని, దాన్ని బోర్డు మీద అడ్డంగా పెట్టి చూడండి. ఇచ్చింది సరిపోకపోతే మార్చమనండి, మొహమాటపడకండి. రిస్ట్ గార్డ్‌లు మాత్రం మీ సొంతవి పట్టుకెళ్లండి.

బైండింగ్స్ వచ్చే ఎపిసోడ్‌లో. అమ్మా, నువ్వు ఇది చూస్తుంటే... చెయ్యి ఇప్పుడు బాగానే ఉంది, ఫోన్ చేసి తిట్టకు.