ఆర్కిడ్ కాదు, జొన్నమల్లె



వానలు వెనకబట్టే రోజుల్లో పిల్లాపాపలతో జహీరాబాదు వైపు వెళ్ళివచ్చే కుటుంబాలు హైదరాబాదులో చాలా వున్నాయి. ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడి దర్శనం అయ్యాక, దారిలో ఏ చేనుగట్టునో కూర్చుని తెచ్చుకున్న పులిహోర తింటారు. అప్పుడు జొన్న మొదళ్ళ దగ్గర జానెడు ఎత్తున, సన్నని ఆకులతో, చిన్న చిన్న తెల్లని పూలతో వొక మొక్క కంటబడవచ్చు. పువ్వుకు పైపెదవి, కిందిపెదవి వున్నట్టే వుంటుంది. చూడగానే "అబ్బ, ఆర్కిడ్!" అనిపిస్తుంది. దాన్ని పెకలించి, తడిగుడ్డలో చుట్టి తెచ్చి కుండీలో నాటారనుకోండి. నాలుగు రోజులు తిరక్కుండానే అది వాడి నల్లబడిపోతుంది. నీళ్ళు ఎక్కువయ్యాయో, ఎండ తగల్లేదో అని మథనపడటం తప్ప మిగిలేదేమీ వుండదు.

అది ఆర్కిడ్ కాదు. మన రైతులు దాన్ని జొన్నమల్లె అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు స్ట్రైగా. పేరులో మల్లె వుందే గాని, మల్లెతోనూ దీనికి చుట్టరికం లేదు.

మరి రెంటినీ వేరుగా గుర్తుపట్టడం ఎలా? ఆర్కిడ్ పువ్వుకు బయట మూడు, లోపల మూడు, మొత్తం ఆరు రేకులు వుంటాయి. లోపలి మూడింటిలో వొకటి మిగతావాటికి భిన్నంగా పెదవిలా వుంటుంది. కేసరం, కీలం విడివిడిగా వుండక వొకే కాడలా కలిసిపోయి పువ్వు నడుమ నిలబడతాయి. పుప్పొడి పిండిలా రాలకుండా చిన్న చిన్న ముద్దలుగా వుంటుంది. జొన్నమల్లె సంగతి వేరు. దాని రేకులు అడుగున కలిసిపోయి సన్నని గొట్టంలా వుంటాయి. ఆ గొట్టం మధ్యలో వంగి, పైన అయిదు భాగాలుగా విచ్చుకుంటుంది. ఆకునూ కాడనూ వేలితో తాకితే గరుగ్గా తగులుతాయి.

అసలు గుట్టు మాత్రం మట్టికింద వుంది. జొన్నమల్లె వేరు వెళ్ళి జొన్న వేరుకు అతుక్కుంటుంది. ఆకుపచ్చగా వుండి కొంత ఆహారం తానే తయారుచేసుకున్నా, నీరూ, లవణాలూ, మరికొంత ఆహారమూ జొన్న దగ్గరనుంచే గుంజుకుంటుంది. మనకు కనబడక ముందే కొన్ని వారాలపాటు నేలలో వుండి ఆ పని చేస్తుంది. అంచేత పువ్వు పూసేసరికే పైరుకు జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోతుంది. నేలలో పదును వున్నా జొన్న వడిలినట్టు కనబడుతుంది. మనం ముచ్చటపడే ఆ పువ్వు వొక రైతు ఇంటి జొన్నరొట్టెకు ఎసరు పెట్టినదన్నమాట. కుండీలో అది బతకకపోవడానికి కారణం కూడా ఇదే. అక్కడ దానికి జొన్నవేరు లేదు!

దీని గింజలు ధూళిలా వుంటాయి. వొక్కొక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. అవి పదేళ్ళకు పైగా కూడా నేలలో ప్రాణంతో పడివుండగలవు. తగిన పైరు వేరునుంచి వొక పదార్థం స్రవించి తగిలినప్పుడే మొలకెత్తుతాయి. అటువంటి పదార్థాన్ని శాస్త్రజ్ఞులు 1966లో పత్తి వేళ్ళనుంచి వేరుచేసి, దానికి స్ట్రైగాల్ అని పేరు పెట్టారు. ఇందులో వొక చమత్కారం వుంది. పత్తివేరు పిలిస్తే గింజ మొలుస్తుంది గాని, పత్తిమీద బతకలేక చచ్చిపోతుంది. అందుకే జొన్న తరువాత జొన్నే వేయకుండా, మధ్యలో పత్తి, వేరుశనగ వంటి పంటలు వేసి పైరు మార్చడం మంచిది. హైదరాబాదు నుంచి జహీరాబాదు వెళ్ళే దారిలోనే, పటాన్‌చెరులో, 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థలో ఈ మొక్కను తట్టుకునే జొన్నరకాల కోసం పరిశోధనలు జరిగాయి.

గుర్తుపట్టడం ఎంత విలువైనదో చెప్పే సంగతి వొకటుంది. 1956లో అమెరికాలోని ఉత్తర కరోలినా మొక్కజొన్న చేలల్లో పైరు ఎందుకు క్షీణిస్తోందో అక్కడివారికి అంతుబట్టలేదు. అక్కడ చదువుకుంటున్న వొక భారతీయ విద్యార్థి ఆ మొక్కను చూసి ఇది స్ట్రైగా అని చెప్పాడట. అప్పటికే అది చాలా దూరం వ్యాపించింది. నాలుగు లక్షల ఎకరాలకు పైగా నేలలో కనబడిన దాన్ని తొలగించడానికి దశాబ్దాల తరబడి శ్రమపడవలసి వచ్చింది.

అంచేత కొత్త మొక్క కనబడితే పువ్వు వొక్కదాన్నే చూసి పేరు పెట్టకండి. ఆకు చూడండి, కాడ తాకండి, పక్కన ఏ పైరు వుందో గమనించండి. అన్నిటికన్నా ముందు, ఆ చేలో కలుపు తీస్తున్న అమ్మను అడగండి. 2008లో జహీరాబాదు దగ్గరి మాచనూరులో మొదలైన సంఘం రేడియోలో ఆ పల్లెల స్త్రీలే తమ పంటల గురించి మాట్లాడుతూ వచ్చారు. ఏది తినే ఆకో, ఏది పైరును తినే మొక్కో వారికి బాగా తెలుసు.

జొన్నమల్లెను మాత్రం ఇంటికి తేకండి. గింజ పట్టిన మొక్కను దారిలో పారేస్తే ఇంకో రైతు చేనుకు చేరవచ్చు. చెప్పులకూ, చీర కుచ్చెళ్ళకూ అంటిన మట్టిని ఆ గట్టుమీదే దులిపి రండి. పూత పూర్తిగా విరియకముందే కంటబడితే చేనుగలవారికి చెప్పండి. గింజ పట్టకముందు పీకివేస్తే వచ్చే ఏటి పంటకు అంత మేలు చేసినవారవుతారు.