పాత జీపుకు కొత్త మేను

మొన్న ఒక మిత్రుడు బాగుచేయించిన పాత జీపును నాకు చూపినాడు. కొత్త రేకులు, నిగనిగలాడు రంగు, నెత్తిపై ఉక్కుగొట్టముల పంజరము! ఆ పంజరపు పాదము చెంత సుత్తితో తట్టగా నేలరేకు చిల్లుపడినది. వెనుక సీటు తన పిల్లల కొరకట!

రేకు బండికి చర్మము, పంజరము ఎముకలగూడు. రేకులలో ఎన్నిక కలదు. ఉక్కురేకు సొట్టపడినను సరిదిద్దవచ్చును, అతుకవచ్చును. కాని తుప్పు పట్టును. 1948 నాటి లాండ్ రోవరునకు వాడిన అల్యూమినియం మిశ్రలోహము తేలిక. అయినను ఉక్కును తాకుచోట తడి చేరినచో అదియే క్షయించును. ఫైబర్‌గ్లాసునకు తుప్పు లేదు. గట్టి దెబ్బకు పగులును.

బండి బోల్తాపడినపుడు ప్రాణము కాచునది పంజరము. అంతర్జాతీయ మోటారు పందెముల నిబంధనలలో, ప్రధానపు కమానుకు 45 మిల్లీమీటర్ల వ్యాసము, 2.5 మిల్లీమీటర్ల మందము గల అతుకులేని ఉక్కుగొట్టము ఒక ప్రమాణము. పాదముల క్రింద కనీసము 3 మిల్లీమీటర్ల ఉక్కుపలకయు ఉండవలెను. బరువు ఒకేచోట పడక పరచుకొనుటకే ఈ ఏర్పాటు. పుచ్చిన నేలరేకుపై నిలిపిన గొట్టము తాను వంగకున్నను, నేలను చీల్చుకొని దిగిపోవును. తల చెంత మెత్తలు, సీటుబెల్టులు లేనిచో ఆ పంజరమే గాయపరచును.

పైన పటారము, లోన లొటారము కారాదు. రంగు ఎంచుటకు ముందు బండి క్రిందికి దూరి చూడుడు. మొదటి రూపాయి అచ్చటనే ఖర్చు కావలెను.