కాటా మీద మా ఇంటి లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "వంతెనల గురించి ఓ పావుగంట మాట్లాడవోయ్" అన్నారు. ముప్పై ఏళ్లుగా నా పని అదే కాబట్టి అడిగారు. నేనే వేరే విషయం మాట్లాడతానని బతిమాలుకున్నాను. ఇది మా ఆవిడ సంగతి, ఆవిడ అనుమతితోనే చెబుతున్నాను. మూడో వరుసలో కూర్చుని ఉంది. నేను ఎక్కడైనా అతిగా చెబితే ఆ ముఖం చూడండి, మీకే తెలిసిపోతుంది.

2021 ఆగస్టులో ఆవిడకి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. అప్పటికి 47 ఏళ్లు. ఆపరేషన్ చేశారు. తరువాత ఇరవై ఒక్క రోజులకి ఒకటి చొప్పున ఎనిమిది కీమోలు, ఆపైన రేడియేషన్. ఆ కథంతా చెప్పను, ఈ ఊళ్లో ఆ కథ తెలియని ఇల్లు ఇప్పుడు తక్కువే. నేను చెప్పేది బరువు గురించి. మొదటి కీమో నాటికి ఆవిడ 58 కిలోలు. రేడియేషన్ అయిపోయేసరికి 67.

క్యాన్సర్ అంటే మనిషి చిక్కి శల్యమైపోవాలని మనందరి మనసులో ఉంటుంది. సినిమాలు అలాగే చూపించాయి. కొన్ని క్యాన్సర్లలో అది నిజం కూడా. కానీ రొమ్ము క్యాన్సర్‌కి కీమో తీసుకునే ఆడవాళ్లలో చాలామంది బరువు పెరుగుతారు. ఇది మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

2022 డిసెంబరులో మన కలయికకి ఆవిణ్ణి తీసుకొచ్చాను. జుట్టు అప్పుడప్పుడే పొట్టిగా, రింగులు తిరిగి వస్తోంది. మన బ్యాచ్ వాడే ఒకడు, మంచివాడే, చాలా ఏళ్ల తరువాత చూసిన సంతోషంలో, "చెల్లెమ్మా, బావ బాగా మేపుతున్నట్టున్నాడే" అన్నాడు. అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది. తిరుగు ప్రయాణంలో కారులో గంటన్నర పాటు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికెళ్లాక, "పోనీ జబ్బు మనిషిలా కనిపించినా బాగుండేదండీ. ఇప్పుడు జబ్బూ మిగిలింది, తిండిపోతునన్న పేరూ మిగిలింది" అంది. ఆ మిత్రుడి తప్పేం లేదు, వాడికి సంగతి తెలియదు. అన్నీ తెలిసిన నేను అంతకుముందు చేసిన నిర్వాకం దీనికి పది రెట్లు.

ఇంజనీరుని కదా. మొదటి కీమో రోజే డిజిటల్ కాటా ఒకటి కొన్నాను. రోజూ పొద్దున్నే ఆవిణ్ణి దాని మీద నిలబెట్టి, అంకె కంప్యూటర్‌లో ఎక్కించి, గ్రాఫు గీసేవాణ్ణి. గీత పైకి పోతుంటే, "నిన్న రాత్రి ఏం తిన్నావ్?" అని అడిగేవాణ్ణి. ప్రేమగానే అడిగాననుకున్నాను. ఒకరోజు కాటా దిగి, "ఏమండీ, నేనేమైనా మీ సైటులో సిమెంటు బస్తానా?" అంది. నేను నవ్వేసి ఆ రోజు అంకె కూడా ఎక్కించాను.

ఐదో కీమో రోజు ఆసుపత్రిలో కాటా ఎక్కబోతూ కళ్లు తిరిగి పడబోయింది. నర్సు పట్టుకుంది. "పొద్దున్న ఏం తిన్నారమ్మా?" అంటే జవాబు లేదు. అప్పుడు బయటపడింది. ఆసుపత్రిలో బరువు చూసే రోజు ముందు రాత్రి నుంచే తినడం మానేస్తోందట. ఆ అంకె నేను నా గ్రాఫులో ఎక్కిస్తాను కాబట్టి! గాజులు తీసి, చెప్పులు విడిచి, ఫోను నా చేతికిచ్చి కాటా ఎక్కుతుంటే నేను మామూలే అనుకున్నాను. ముందు రోజు నుంచి స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటోంది, అవీ ఖాళీ కడుపు మీదే.

డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి కూర్చోబెట్టారు. అసలు ఆసుపత్రిలో బరువు ఎందుకు చూస్తారో చెప్పారు. మందు మోతాదు కోసం. ఎత్తు సెంటీమీటర్లలో, బరువు కిలోల్లో తీసుకుని గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే శరీరం ఉపరితల వైశాల్యం చదరపు మీటర్లలో వస్తుంది. మా ఆవిడ 155 సెంటీమీటర్లు, 58 కిలోల దగ్గర 1.58 చదరపు మీటర్లు. చాలా కీమో మందుల మోతాదు దాన్ని బట్టే కడతారు. మన లెక్కల మాస్టారు ఉంటే మురిసిపోయేవారు. ఆ కాటా ఆవిడకి పెట్టిన పరీక్ష కాదు. దాన్ని పరీక్ష చేసింది నేను.

బరువు ఎందుకు పెరుగుతుందో కూడా ఆయనే విడమరిచి చెప్పారు. వాంతులు ఆగడానికి, మందు పడకపోవడం వల్ల వచ్చే రియాక్షన్లు రాకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది ఆకలిని రేపుతుంది, నిద్రని చెడగొడుతుంది, షుగర్ పెంచుతుంది, ఒంట్లో నీరు నిలుపుతుంది. ఆవిడకి చివరి నాలుగు కీమోలు డోసెటాక్సెల్. దానికి ముందు రోజు, ఆ రోజు, మరుసటి రోజు రెండేసి పూటలు ఈ మాత్రే. ఇక వికారం. కడుపు ఖాళీగా ఉంటే ఎక్కువవుతుందని బిస్కట్టో, రెండు ముద్దల పెరుగన్నమో ఎప్పుడూ నోట్లో ఉండాల్సిందే. నీరసానికి రోజంతా మంచం. దీనికి తోడు 47 ఏళ్లకే నెలసరి ఆగిపోయింది. మామూలుగా కొన్నేళ్లలో జరగాల్సిన మార్పు కీమోతో కొన్ని వారాల్లో జరిగిపోతుంది.

అన్నిటికన్నా నాకు బుర్రకెక్కింది కండ సంగతి. కదలిక తగ్గి, మందుల వల్ల, కండ కరుగుతుంది, కొవ్వు చేరుతుంది. కాటా మీద అంకె మారకపోయినా లోపల ఈ మార్పిడి జరిగిపోతూ ఉండొచ్చు. స్తంభంలో ఇనుము లాగేసి ఇసుక నింపినట్టు. బయట నుంచి కొలత అదే, బరువూ ఇంచుమించు అదే, కానీ ఆ స్తంభం మీద స్లాబు వేయమంటే నేను వేయను. అలాంటప్పుడు నా గ్రాఫు దేన్ని కొలిచినట్టు?

ఇక తిండి. ఆసుపత్రిలో అందరికీ ఒకటే కాగితం ఇచ్చారు: పళ్లరసాలు, జీడిపప్పు, ఖర్జూరం, నెయ్యి, గంటగంటకీ ఏదో ఒకటి. అది చిక్కిపోయేవాళ్లకి రాసిన కాగితం. దాని మీద మా అత్తయ్యగారి ఆపేక్ష ఒకటి. సున్నుండలు, మినప గారెలు, "బలం రావాలమ్మా" అంటూ. మా వదిన హార్లిక్స్ డబ్బాలు మోసుకొచ్చింది. ఎవరినని కాదంటాం? ఇంకోవైపు నేను కాటాతో. మధ్యలో ఆవిడ.

కీమో జరుగుతున్నప్పుడు బరువు తగ్గించే ప్రయత్నమే వద్దన్నారు డాక్టరు. ఉపవాసాలు వద్దు, ఏకాదశులు వద్దు, స్లిమ్ చేసే పొడులూ కషాయాలూ అసలే వద్దు. తినేది మార్చుకోమన్నారు. రాత్రి రెండింటికి ఆకలేస్తే వంటింట్లో చేతికి తగిలేది మిక్చరు, జంతికలు. వాటి డబ్బాలు అటక ఎక్కించి, ఉడికించిన గుడ్లు, ఉడికించిన శనగలు, పల్చటి మజ్జిగ అందుబాటులో పెట్టాం. ఒక్కో గుడ్డులో ఆరు గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. పళ్లరసం బదులు పండే ఇచ్చాం. ఉదయం పెసరట్టు. అన్నం మానలేదు, మా ఇళ్లలో అది అయ్యే పని కాదు. పప్పూ కూరా రెట్టింపు చేశాం, అన్నం దానంతట అదే తగ్గింది. రెండో పూట స్టెరాయిడ్ మాత్ర రాత్రి వేసుకుంటోంది. డాక్టర్ని అడిగితే మధ్యాహ్నానికి మార్చారు, కాస్త నిద్ర పట్టింది. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే అడిగి చూడండి, సొంతంగా మాత్రం మార్చకండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పారు. రెండు మూడు రోజుల్లో బరువు గబగబా పెరిగి, కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా అది తిండి బరువు కాదు, నీరు. వెంటనే ఫోన్ చేయాలి. కాటా నిజంగా పనికొచ్చేది అక్కడే.

అసలు మార్పు ఆ డిసెంబరు తరువాత వచ్చింది. చంకలో గ్రంథులు తీశారు కాబట్టి ఆ చేత్తో బరువు ఎత్తకూడదని, నీళ్ల బిందె కూడా ముట్టకూడదని బంధువులంతా చెప్పారు, మేమూ నమ్మాం. ఫిజియోథెరపిస్టు ఒకావిడ ఆ భయం పోగొట్టింది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కాథరిన్ ష్మిట్జ్ బృందం చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. చెయ్యి వాపు ఉన్న ఆడవాళ్ల చేతనే, మెల్లగా పెంచుకుంటూ, దగ్గరుండి బరువులు ఎత్తించారు. వాపు పెరగలేదు సరికదా, ఉధృతమవడం తగ్గింది. మా ఆవిడ అర లీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టింది. వారానికి రెండు రోజులు అది, మూడు రోజులు అరగంట నడక. మొదట్లో వీధి చివరి దాకా వెళ్లి అరుగు మీద కూర్చునేది.

నా గ్రాఫు బదులు ఫిజియోథెరపిస్టు ఇంకో కొలత చెప్పింది. చేతులు గుండెల మీద కట్టుకుని, కుర్చీలోంచి ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టడం. మొదటిసారి తొమ్మిది. ఆరు నెలలకి పధ్నాలుగు. ఆ అంకెని ఆవిడే కేలండరు మీద రాసుకుంది, నా కంప్యూటర్‌లోకి రానివ్వలేదు.

రోజూ టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటోంది. లావెక్కేది దానివల్లేనని ఎవరో అంటే రెండు వారాలు మానేసింది, నాకు చెప్పకుండా. ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసినప్పుడు బరువులో పెద్ద తేడా కనిపించలేదని డాక్టరు వివరించాక మళ్లీ మొదలుపెట్టింది. లావు గురించి మనం అనే మాటలు ఎంత దూరం వెళతాయో నాకు అప్పుడు తెలిసింది. జబ్బు తిరగబడకుండా ఇచ్చే మాత్రని కూడా మానిపించగలవు.

ఇప్పుడు 63 కిలోలు. 58 రాలేదు, వస్తుందనీ అనుకోవడం లేదు. పాత జాకెట్లు మూడేళ్లు బీరువాలో దాచింది, ఎప్పటికైనా పడతాయని. పోయిన నెల వాటిని మా మేనకోడలికిచ్చేసి, టైలరు దగ్గరికి వెళ్లి కొత్త కొలతలు ఇచ్చి వచ్చింది. ఈ రోజు వేసుకున్నది వాటిలో ఒకటి.

భోజనాల దగ్గర కలుస్తుంది, పలకరించండి. కుర్చీ లెక్క అడిగితే సంతోషంగా చెబుతుంది, కిలోల లెక్క అడక్కండి. ఆ కాటా ఇప్పుడు పాత పేపర్లు తూచుకోవడానికి వాడుతున్నాం.

సెలవు.