రోగి మంచం పక్కన బద్ర్ పుణ్యం

స్తోత్రమంతా అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి, శుభాలు కురియుగాక.



మన బందరు మస్జిదులో రెండవ సఫ్‌లో, కుడివైపు స్తంభం పక్కన ప్రతి శుక్రవారం నిలబడే ఒక సోదరుడు ఐదు వారాలుగా కనిపించలేదు. మొదటి వారం ఎవరమూ గమనించలేదు. రెండవ వారం ఊరికి వెళ్ళి ఉంటాడనుకున్నాం. మూడు జుమాలు దాటాక వుజూ చేసే చోట ఒక మాట వినిపించింది: "వరుసగా మూడు జుమాలు వదిలేశాడు, ఇక అతని ఈమాన్ సంగతేమిటి?" ఐదవ వారం అతని బావమరిది చెబితేగాని అసలు విషయం తెలియలేదు. భార్యకు మూత్రపిండాలు పాడై విజయవాడ ఆసుపత్రిలో ఉంది. ఇంట్లో పదేళ్ళు నిండని ఇద్దరు పిల్లలు. ఆమె పక్కన ఉండడానికి అతను తప్ప మరొకరు లేరు.

నిర్లక్ష్యంతో మూడు జుమాలు వదిలినవాని హృదయంపై ముద్ర పడుతుందన్న హెచ్చరిక హదీసులో ఉంది, నిజమే. 'నిర్లక్ష్యంతో' అన్న మాట కూడా ఆ హదీసులోనే ఉంది. మనం ఆ ఒక్క మాటను మింగేసి మిగిలినది చెబుతున్నాం.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) సున్నత్‌ను అడుగుజాడలతో సహా అనుసరించిన సహాబీ. ఒక శుక్రవారం నాడు ఆయనకు హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) జబ్బుపడ్డారని కబురు వచ్చింది. అప్పటికే పొద్దెక్కింది, జుమా వేళ దగ్గరపడుతోంది. ఆయన వాహనమెక్కి రోగి దగ్గరకు వెళ్ళారు, ఆ రోజు జుమా వదిలారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఉదంతమిది. రోగిని చూసుకోవడానికి వేరెవరూ లేనప్పుడు, వదిలి వెళితే రోగికి హాని కలుగుతుందన్న భయమున్నప్పుడు, పక్కనున్నవారికి జుమా నుండి మినహాయింపు ఉందనీ, వారు జుహర్ చేసుకుంటే చాలుననీ ఫుఖహాలు చెప్పారు. కనుక మన రెండవ సఫ్‌లోని ఆ సోదరుడు జుమాను వదిలినవాడు కాడు. షరీఅత్ అతనికి చూపిన చోటనే అతను ఉన్నాడు.

సోదరులారా! భర్త భార్యకు పరిచర్య చేయడం గురించి మాట్లాడుకునేటప్పుడు హిజ్రీ 2వ సంవత్సరపు రమజాన్ మాసాన్ని గుర్తుచేసుకోవాలి. బద్ర్‌కు బయలుదేరే సమయం. ఇస్లాం చరిత్రలో దానికి మించిన దండయాత్ర లేదు, అందులో పాల్గొన్నవారికి ఉన్న స్థానం మరెవరికీ లేదు. సరిగ్గా అప్పుడే దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్రంగా జబ్బుపడ్డారు. ఆమె భర్త హజ్రత్ ఉస్మాన్ (రజి). మక్కాలో హింస భరించలేనిదైనప్పుడు ఆ దంపతులిద్దరూ సముద్రం దాటి అబిసీనియాకు వలస వెళ్ళినవారు. పరాయి దేశంలో ఒకరికొకరు తోడుగా బతికినవారు. ఇప్పుడు ఆమె మంచాన పడ్డారు. మహాప్రవక్త (స) ఉస్మాన్ (రజి)ను మదీనాలోనే ఉండి ఆమెను చూసుకొమ్మన్నారు. బద్ర్‌లో పాల్గొన్నవానికి లభించే పుణ్యమూ, యుద్ధప్రాప్తిలో వాటా రెండూ ఆయనకు ఉంటాయని చెప్పారు.

ఇందులో రెండు విషయాలు మనసుకు పట్టాలి. ఒకటి, రుఖయ్యా (రజి) కోలుకోలేదు. బద్ర్ విజయవార్త మదీనా చేరేసరికి ఆమెను ఖననం చేసి మట్టి సర్దుతున్నారు. అంటే ఆ పరిచర్యకు విలువ రోగి బతకడంతో ముడిపడి లేదు. ఎంత చేసినా మనిషి దక్కలేదని కుమిలిపోయేవారు మన మధ్య ఉన్నారు. వారు ఈ సంగతి తెలుసుకోవాలి. రెండవది, పరిచర్య చేసినవారిని లోకం వదిలిపెట్టలేదు. ఏళ్ళు గడిచాక, ఈజిప్టు నుండి హజ్‌కు వచ్చిన ఒక వ్యక్తి అదే ఇబ్నె ఉమర్ (రజి) దగ్గరకు వచ్చి, ఉస్మాన్ బద్ర్‌లో లేరు కదా అని ఎత్తిపొడిచాడు. ఇబ్నె ఉమర్ (రజి) అతన్ని కూర్చోబెట్టి అసలు కారణం చెప్పి, ఈ జవాబు వెంట తీసుకుపొమ్మన్నారు. వుజూ చేసే చోట మనం విన్న మాట కొత్తదేమీ కాదు. ఆ జవాబు కూడా పాతదే.

ఇప్పుడు మన కృష్ణా డెల్టాలోని ఒక ఆచారం గురించి దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. భర్త జబ్బుపడితే భార్య నిద్రాహారాలు మాని సేవ చేస్తుంది, అది ఆమె ధర్మమని అందరమూ అంటాం. భార్య జబ్బుపడితే? నాలుగు రోజులు చూసి, పుట్టింటికి కబురు పెడతాం. మీ అమ్మాయిని తీసుకెళ్ళి చూపించండి, నయమయ్యాక పంపండి అంటాం. గుడివాడలోనైనా, అవనిగడ్డలోనైనా, మన బందరులోనైనా ఈ మాట అనని వీధి ఉందా? ముసలి తండ్రి అప్పుచేసి ఆసుపత్రి బిల్లు కడతాడు, తల్లి వార్డులో నేలమీద పడుకుంటుంది, అల్లుడు ఆదివారం పండ్లు తీసుకుని చుట్టపుచూపుగా వస్తాడు. వైద్యపు ఖర్చు భర్త పోషణ బాధ్యతలోకి రాదని పాత ఫిఖ్హ్ గ్రంథాలలో ఉందని వాదించే చదువరులు కూడా ఉన్నారు. ఆ మాట గ్రంథాలలో ఉన్నది నిజమే. కానీ వైద్యం అన్నంతో సమానమైన అవసరమైపోయిన ఈ కాలంలో అది భర్త బాధ్యతేనని సమకాలీన పండితులు అనేకులు స్పష్టం చేశారు. పైగా ఉస్మాన్ (రజి)కు అత్తవారిల్లు అదే ఊళ్ళో ఉంది. మామగారు సాక్షాత్తు దైవప్రవక్త (స). అయినా కూతురిని పుట్టింటికి చేర్చలేదు. భర్తనే యుద్ధం నుండి ఆపారు.

దివ్య ఖుర్ఆన్ రూమ్ సూరాలో అల్లాహ్ దాంపత్యంలో ప్రేమతో పాటు కారుణ్యాన్ని కూడా ఉంచానని తెలిపాడు. ప్రేమ పెళ్ళినాటి నుంచే కనిపిస్తుంది. కారుణ్యం ఎంత ఉందో ఆసుపత్రిలో తెలుస్తుంది. బఖరా సూరాలో దంపతులను ఒకరికొకరు వస్త్రాలుగా పోల్చాడు. పక్కమీదే మలమూత్రాలు అయినప్పుడు, ఒళ్ళు తుడవవలసి వచ్చినప్పుడు, ఏ తెరా లేకుండా ఆ పని చేయగల హక్కు షరీఅత్ దంపతులకే ఇచ్చింది. కన్న కొడుకు కూడా సంకోచించే చోట భార్య సంకోచించనక్కరలేదు, భర్త కూడా సంకోచించనక్కరలేదు.

మహాప్రవక్త (స) తమ చివరి జబ్బులో హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఉండడానికి మిగతా సతీమణుల అనుమతి అడిగారు. నీరసించిన స్థితిలో ఆయన చూపు మిస్వాక్ మీద నిలిస్తే, ఆమె గ్రహించి, దాన్ని తన పళ్ళతో మెత్తబరచి అందించారు. రోగి నోరు తెరిచి అడగకముందే అవసరం గ్రహించడం, గట్టిదాన్ని మెత్తన చేసి ఇవ్వడం. నర్సులు ఎంత మంచివారైనా వందమంది రోగుల మధ్య ఈ పని చేయలేరు.

అయితే ఈ పరిచర్య తేలికని మేము అనడం లేదు. బందరు నుండి విజయవాడ 70 కిలోమీటర్లు. నాగాయలంక నుండి వచ్చేవారికి సగం రోజు బస్సులోనే గడుస్తుంది. 2023లో మన బందరుకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, అల్‌హమ్దులిల్లాహ్. అయినా పెద్ద జబ్బులకు విజయవాడ, గుంటూరు దారి ఇంకా తప్పడం లేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకం చికిత్స ఖర్చు భరిస్తుంది. పక్కన కూర్చున్న మనిషి పోగొట్టుకున్న కూలి మాత్రం వెనక్కి రాదు. ఆడవారి వార్డులో రాత్రిపూట మగవారిని ఉండనివ్వకపోతే, భర్త మెట్లమీద కూర్చుని తెల్లవారుస్తాడు, లోపల ఆమె ఒంటరిగా ఉంటుంది.

నెలలు గడిచేకొద్దీ రోగి విసుగుతాడు, పక్కనున్నవారూ విసుగుతారు. హజ్రత్ అయ్యూబ్ (అలై) దీర్ఘవ్యాధిలో ఒకసారి కోపంతో భార్యను దండిస్తానని ప్రమాణం చేశారని వ్యాఖ్యాతలు రాశారు. సాద్ సూరాలో అల్లాహ్ ఆ ప్రమాణం భంగం కాకుండా, ఆమెకు నొప్పి తగలకుండా, గడ్డిపోచల కట్టతో తీర్చుకునే మార్గం చూపాడు. అంతటి సహనశీలి నోటనే ఆ మాట వచ్చిందంటే, మన నోట రాదా? వచ్చినప్పుడు దాన్ని మెత్తబరిచే దారి వెతకాలి, పట్టుబట్టరాదు.

జమాఅత్‌గా మన పని ఏమిటి? ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) కోసం మహాప్రవక్త (స) మస్జిదులోనే గుడారం వేయించారు, దగ్గర నుండి చూసుకోవచ్చని. రోగికి మస్జిదులో చోటు ఉండేది. మన కమిటీ విజయవాడలో ఆసుపత్రుల దగ్గరి మస్జిదుల పెద్దలతో మాట్లాడాలి. దూరాల నుండి వచ్చిన సహాయకులకు స్నానానికీ, ఒక కునుకుకూ చోటు దొరకాలి. తౌబా సూరా పేర్కొన్న జకాత్ హక్కుదారులలో అప్పులపాలైనవారు ఉన్నారు. ఆసుపత్రి అప్పుకంటే పెద్ద అప్పు మనకు తెలిసినది ఏది? ఆడవారి వార్డులో రాత్రి తోడు ఉండగలిగే అక్కచెల్లెళ్ళను మన ఇళ్ళలో అడుగుదాం. వారానికి ఒక రాత్రి ఒకరు వెళ్ళినా, ఆ తల్లి ఒంటరిగా ఉండదు, ఆ భర్త ఇంటికి వచ్చి పిల్లల ముఖం చూసుకుంటాడు. వచ్చే శుక్రవారం అతని స్థానంలో ఒకరు అక్కడ కూర్చుంటే, అతను ఈ సఫ్‌లో నిలబడతాడు కూడా.

నమాజు తరువాత కార్యాలయం బల్లమీద ఒక పుస్తకం ఉంచుతున్నాం. వెళ్ళగలిగినవారు పేరు, రోజు, రక్తం గ్రూపు రాయండి. దివిసీమ నుండి, గుడివాడ నుండి ఈ పుస్తకం చదివేవారు తమ మస్జిదులో సఫ్‌లు చూసుకుని, కనిపించని మనిషి ఇంటికి ఈ రోజే వెళ్ళండి.

అల్లాహ్! మా సోదరి జబ్బును నయం చేయి. ఆమె పక్కన మెలకువగా ఉన్న భర్తకు ఓర్పును, కునుకును ప్రసాదించు. ఐదు వారాలు ఆలస్యంగా అడిగిన మమ్మల్ని క్షమించు. ఆమీన్.