మాగాణి అంటే కాగితమా, నీళ్లా?

(జగ్గయ్యపేట మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్తి తీతలు ఆపుకొని, మిరప తోటలకు నీళ్లు కట్టే పని పక్కనబెట్టి ఇంతమంది వచ్చారు. అందుకని నేరుగా విషయానికే వద్దాం. బియ్యం కార్డు, పింఛను, తల్లికి వందనం వంటి వాటికి ఎవరు అర్హులో, ఎవరు కాదో తేల్చే లెక్క గురించి ఈ రోజు మాట్లాడుకుందాం.

2019కి ముందు తెల్లకార్డు కావాలంటే పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 5 వేల లోపు, భూమి రెండున్నర ఎకరాల మాగాణి లేదా 5 ఎకరాల మెట్ట లోపు ఉండాలి. 2019 చివర్లో ఈ హద్దులు మార్చారు. ఆదాయం పల్లెల్లో నెలకు 10 వేలు, పట్టణాల్లో 12 వేలు అయింది. భూమి 3 ఎకరాల మాగాణి లేదా 10 ఎకరాల మెట్ట, రెండూ ఉంటే కలిపి 10 ఎకరాలు మించకూడదు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు. కారు ఉండకూడదు, ట్రాక్టరు, ఆటో, టాక్సీకి మినహాయింపు ఉంది. ప్రభుత్వం మారినా 2025లో తల్లికి వందనానికి కూడా దాదాపు ఇవే హద్దులు పెట్టారు.

న్యాయంగా చెప్పాలంటే, హద్దులు సడలిన మాట నిజం. పాత రోజుల్లో అంతా సవ్యంగా జరిగిందనీ మనం అనం. పలుకుబడి ఉన్నవాడికి తెల్లకార్డు, లేనివాడికి తిప్పట, మనం చూడనిదా? కానీ అప్పుడు తప్పు చేసినవాడు ఊళ్లో కనిపించేవాడు, నిలదీసేవాళ్లం. ఇప్పుడు కంప్యూటరులో ఆధార్ నంబరు కొట్టగానే భూమి, మీటరు, బండి, పన్ను అన్నీ వరసగా వస్తాయి. ఒక్కచోట తేడా వస్తే అనర్హుడు. అడిగితే ‘సిస్టంలో అలా వస్తోంది’ అంటారు. సిస్టంతో ఎవరు పోట్లాడతారు?

మన మెట్ట ప్రాంతానికి ఇందులో ప్రత్యేకంగా ఒక దెబ్బ ఉంది. మనం నాగార్జునసాగర్ ఎడమ కాలువ చిట్టచివర ఉన్నాం. నల్లగొండ, ఖమ్మం దాటి నీళ్లు మన దాకా రావాలి. వచ్చిన ఏడు వస్తాయి, రాని ఏడు పత్తి వేసుకొని మబ్బుల వైపు చూస్తాం. కానీ రికార్డులో ఆయకట్టు అని రాసి ఉంటే అది మాగాణే. ఒక లెక్క వేసి చూడండి. కాలువ చివర మూడున్నర ఎకరాలు, కాగితం మీద మాగాణి, పొలంలో చుక్క నీరు లేదు. ఆ రైతు అనర్హుడు. పక్కనే తొమ్మిది ఎకరాల మెట్ట, రెండు బోర్లు, ఏటా మిరప. ఆ రైతు అర్హుడు. రెండో రైతుకు తీసెయ్యమని మనం అడగడం లేదు. మిరప ధర పడిపోయిన ఏడు ఆయన గతి ఏమిటో మనకు తెలుసు. మొదటి రైతుకు ఎందుకు లేదని అడుగుతున్నాం. నెలకు 4 వేల పింఛనంటే ఏడాదికి 48 వేలు. ఒక ముసలి ప్రాణానికి అది మందులు, అన్నం.

ఇంకో సంగతి. ఈ లెక్కలో ఆస్తి ఉంది, అప్పు లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో మునేరు పొంగి పైర్లు మునిగినప్పుడు చాలామంది ఆదాయం మైనస్‌లోకి పోయింది. ఆ మైనస్‌ను రాసుకునే గడి ఏ దరఖాస్తులోనూ లేదు.

కౌలు రైతు పరిస్థితి దీనికి తలకిందులు. ఆయన పేరున సెంటు భూమి లేదు కాబట్టి బియ్యం కార్డుకు అర్హుడే. రైతుగా వచ్చే సాయానికి మాత్రం కాదు. పీఎం కిసాన్ భూమి హక్కుదారుకే. రాష్ట్ర సాయానికి కౌలు కార్డు కావాలి. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలి, గడువు 11 నెలలు. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందని కౌలుదారు భయం. ఈ రెండు భయాల మధ్య సాయం ఆగిపోతోంది.

మరి మనం ఏం చేయాలి? ముందు ఇంట్లో కాగితాలు సరిచూసుకుందాం. అమ్మేసిన పొలం ఇంకా మన 1బీలో ఉందా? అమ్మేసిన పాత కారు రిజిస్ట్రేషన్ మారిందా? అన్నదమ్ములు ముగ్గురు వేరుపడినా మీటరు ఒకటే ఉండి, ముగ్గురి యూనిట్లూ ఒకరి ఆధార్ మీద పడుతున్నాయా? పెళ్లయి వేరే కాపురం పెట్టిన కొడుకు ఇంకా తల్లిదండ్రుల కార్డులోనే ఉన్నాడా? ఇవన్నీ పింఛను ఆగాక కాదు, ఆగకముందే చూసుకోవాలి.

ఆగిపోతే సచివాలయంలో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. నోటిమాటతో తిరిగి రావద్దు. ఒక నిర్ణయం వల్ల నష్టపోయినవారికి దాని కారణం చెప్పాలని 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) అంటోంది. ఆ చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. రాయడం రానివారికి సంఘం కార్యకర్తలం మేం రాసిపెడతాం.

సంఘంగా మన డిమాండ్లు నాలుగు. కాలువ చివరి భూములను కాగితాన్ని బట్టి కాక, నీళ్లు అందిన ఏళ్లను బట్టి లెక్కించాలి. పేరు తీసే ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అర్జీ తేలేదాకా సాయం ఆపకూడదు. అర్హులు, అనర్హుల జాబితాలను కారణాలతో సహా గ్రామసభలో చదవాలి. కౌలు కార్డుకు యజమాని సంతకం షరతు తీసేయాలి.

ఇవి దయ చూపమని వేడుకోవడం కాదు. పొలం ఎండిందో పండిందో ఊరందరికీ తెలుసు. ఊరికి తెలిసిన నిజం రికార్డులో ఎక్కాలంటున్నాం, అంతే. వచ్చే సమావేశానికి ప్రతి ఊరి నుంచి ఆగిపోయిన కార్డులు, పింఛన్ల వివరాలు రాసి తీసుకురండి. ఆ చిట్టాతోనే కలెక్టరాఫీసుకు పోదాం.