కవల పిండాలు, వెన్నుపాము పుట్టుక



జంట అరటిపండు తింటే కవలలు పుడతారని కొత్త కోడలి చేతిలోంచి పండు లాక్కునే పెద్దవాళ్లు మన ఇళ్లల్లో ఇంకా ఉన్నారు. కవలలనండి, అమడలనండి, పక్కింటి కన్నడం వాళ్లలా అవళి జవళి అనండి, తమిళం వాళ్లలా ఇరట్టై అనండి, పేరేదైనా వాళ్ల పుట్టుకకూ ఆ పండుకూ సంబంధం లేదు. పాపం, కోడలిని తిననివ్వండి.

కవలలు రెండు రకాలు. ఒకే నెలలో రెండు అండాలు విడుదలై, రెండూ ఫలిస్తే పుట్టేవారు ఒక రకం. వీళ్లు మామూలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల లాంటివారే. ఒకేసారి కడుపున పడ్డారు, అంతే. మేక రెండు పిల్లల్ని ఈనితే సాధారణంగా ఈ రకమే. రెండో రకం, ఫలించిన ఒకే అండం తర్వాత రెండుగా విడిపోతే పుట్టేవారు. మనం ఆనవాలు పట్టలేక తికమకపడేది వీళ్లనే.

పశువులున్నవారికి ఇక్కడొక మాట. ఆవుకు కోడెదూడ, పెయ్యదూడ కవలలుగా పుడితే, ఆ పెయ్య పదింట తొమ్మిదిసార్లు గొడ్డుదే అవుతుంది. కడుపులో రెండింటి మాయలూ కలిసిపోయి, ఒకదాని రక్తం మరొకదానికి పారి, కోడెదూడ హార్మోన్ల ప్రభావం పెయ్యమీద పడుతుంది. సంతలో పెయ్యను కొనేముందు ఈ ప్రశ్న అడగడం మంచిది. మనుషుల్లో ఆడ, మగ కవలలకు ఈ బెడద లేదు.

సరే, ఒక పిండం రెండు కావడం ఎలా సాధ్యం? జర్మనీలో హాన్స్ స్పెమాన్ అనే శాస్త్రజ్ఞుడు న్యూట్ అనే జీవి గుడ్లు తీసుకున్నాడు. న్యూట్ అంటే తోకతో బల్లిలా కనిపించే, కప్పల చుట్టమైన జంతువు. పసిబిడ్డ తలవెంట్రుకతో ఉచ్చు వేసి, ఎదుగుతున్న గుడ్డును నడుముకు బిగించాడు. కొన్నిసార్లు రెండు నిండు పిల్లలు వచ్చాయి. కొంచెమే బిగిస్తే రెండు తలల పిల్ల వచ్చింది. మరికొన్నిసార్లు ఒక సగం పిల్ల అయితే, రెండో సగం తల, వెన్ను ఏవీలేని వట్టి పొట్టముద్దగా మిగిలింది. అంటే సగం ఉంటే చాలదు, ఆ సగంలో ఏదో ఒకటి ఉండాలి.

ఆ ఏదో ఒకటి ఏమిటో ఆయన శిష్యురాలు హిల్డె మాంగోల్డ్ చేతిలో తేలింది. లేతరంగు న్యూట్ పిండంలో, కణాలు లోపలికి మడతపడేచోట పైపెదవి లాంటి చిన్న ముక్కను కోసి, ముదురురంగు పిండానికి పొట్టవైపున అతికించింది. అక్కడ రెండో వెన్ను లేచింది. రెండో మెదడు, రెండో వెన్నుపాము! అతుక్కుని పుట్టిన కవలల్లాగా. అసలు విశేషం రంగులో ఉంది. ఆ కొత్త నాడీమండలం ఎక్కువగా ముదురు కణాలతోనే తయారైంది. పొట్టచర్మం కావలసిన కణాలను ఆ చిన్న ముక్క మెదడుగా మార్చిందన్నమాట. ఈ ఫలితం 1924లో అచ్చయింది. అదే ఏడాది అగ్నిప్రమాదంలో ఆమె చనిపోయింది, పాతికేళ్ల వయసులో. స్పెమాన్‌కు 1935లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ ముక్క చెప్పే మాటేమిటో తెలియడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది. 1990ల్లో నాగిన్, కార్డిన్ అనే ప్రోటీన్లు దొరికాయి. అవి ‘మెదడువి కండి’ అని చెప్పవు. పిండంలో ‘చర్మం కండి’ అనే సంకేతం ఒకటి తిరుగుతుంటుంది. దాన్ని అడ్డుకుంటాయి, అంతే. ఆ సంకేతం అందని కణాలు నాడీకణాల దారి పడతాయి. నాకైతే ఇందులో ఇంతకంటే ఆశ్చర్యం కలిగించేది లేదు.

మనిషి పిండంలోనూ అలాంటి కేంద్రం మూడోవారంలో ఏర్పడుతుంది. పిండం అంతకుముందే విడిపోతే ఒక్కొక్కరికీ ఒక్కో కేంద్రం. సుమారు పదమూడు రోజులు దాటాక విడిపోబోతే పని అసంపూర్తిగా మిగిలి, అతుక్కున్న కవలలు కావచ్చు.

తర్వాత వీపువైపున పలక లాంటి పొర ఏర్పడి, రెండు అంచులూ లేచి, మడతపెట్టిన తమలపాకులా దగ్గరై గొట్టంగా మూసుకుంటాయి. మెదడు, వెన్నుపాము ఈ గొట్టమే. కడుపున పడ్డ ఇరవై ఎనిమిదో రోజుకల్లా ఇది మూసుకోవాలి. కింద మూసుకోకపోతే వెన్ను చీలిన బిడ్డ, పైన మూసుకోకపోతే మెదడు ఎదగని బిడ్డ. లెక్క చూడండి: ఇరవై ఎనిమిదో రోజంటే, నెల తప్పి రెండు వారాలు. చాలామంది అప్పటికింకా ఆస్పత్రికి వెళ్లి ఉండరు.

ఫోలిక్ యాసిడ్ ఎందుకు ముందే మొదలుపెట్టాలో ఇప్పుడు తెలిసింది కదా. అప్పటికే ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లులమీద ఏడు దేశాల్లో జరిపిన పరిశీలన 1991లో వెలువడింది. ఎక్కువ మోతాదులో ఈ విటమిన్ తీసుకున్నవారిలో ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మిగతావారికి రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. గర్భానికి కనీసం నెల ముందునుంచి మూడో నెల నిండేదాకా వాడాలి. ముందు కాన్పులో ఇలాంటి బిడ్డ పుట్టి ఉంటే మోతాదు పదింతలదాకా ఉంటుంది, అది డాక్టరుగారే రాయాలి. ఆకుకూరలు, పప్పులు తినండి, కానీ మాత్ర మానకండి. పెళ్లయిన అమ్మాయి పుట్టింటికి వచ్చినప్పుడు, కడుపు పండిందా అని అడగడానికి ముందే ఈ మాత్ర సంగతి అడగండి.